సిమెంట్ తక్కువ, రాయి ఎక్కువ: మన కంకిపాడు కె.ఎల్. రావు గారు

విజయవాడ చుట్టుపక్కల చదువుకునే మనకి కేఎల్ అనగానే ముందు గుర్తొచ్చేది వడ్డేశ్వరంలో ఉన్న యూనివర్సిటీ. ఆ కేఎల్ కోనేరు లక్ష్మయ్య గారు. ఈ నెల నేను రాస్తున్నది ఇంకో కేఎల్ గురించి. వన్ టౌన్ వైపు పార్కు, విద్యాధరపురం దగ్గర హెడ్ వాటర్ వర్క్స్, పైన కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు, ఇవన్నీ ఈ రెండో కేఎల్ పేరు మీదే ఉన్నాయి. పూర్తి పేరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు.

నాది సీఎస్ఈ. సివిల్ సబ్జెక్టు ఒక్కటి కూడా చదవలేదు. పైగా చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం, అందుకే ఇది తెలుగులో రాయడానికి చాలా రోజులు పట్టింది. అయినా ఈయన గురించే రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది. ఈమధ్య ఏ టెక్ ఫెస్ట్ పోస్టర్ చూసినా సస్టైనబిలిటీ అనే మాట ఉంటోంది. గ్రీన్ బిల్డింగ్, గ్రీన్ సిమెంట్, నెట్ జీరో. ఆ మాటలేవీ పుట్టకముందే, సిమెంట్ పొదుపుగా వాడి ప్రపంచంలోనే పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి కట్టించిన మనిషి మన బందరు రోడ్డు మీద పుట్టాడు. ఆయన ఏం చేశాడు, ఎందుకు చేశాడు, అది ఇప్పుడు మనకి పనికొస్తుందా అని చూడాలనిపించింది.

కంకిపాడు తెలుసు కదా. బెంజ్ సర్కిల్ నుంచి బందరు వైపు వెళ్తుంటే కానూరు, పోరంకి, పెనమలూరు దాటాక వస్తుంది. 1902 జులై 15న లక్ష్మణరావు గారు అక్కడ పుట్టారు. తండ్రి వకీలు. ఈయనకి తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయారు. స్కూల్లో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు కూడా పోయింది. తండ్రి లేని పిల్లాడు, ఒక కన్ను. ఆ పరిస్థితిలో మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివారు. మద్రాసు యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మాస్టర్స్ చేసిన మొదటి విద్యార్థి ఆయనే అంటారు. కొన్నాళ్లు రంగూన్‌లో పాఠాలు చెప్పారు. తర్వాత ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ నుంచి 1939లో పీహెచ్‌డీ తీసుకున్నారు. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్, రీఇన్ఫోర్స్‌డ్ కాంక్రీట్ మీద పుస్తకం రాశారు.

ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆయన కాంక్రీట్ తెలియక రాయి వైపు వెళ్లిన మనిషి కాదు. కాంక్రీట్ మీద పుస్తకం రాసిన మనిషే రాయిని ఎంచుకున్నాడు.

ఆయన పుట్టిన ఊరి పొలాలకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో మనందరికీ తెలుసు. 1852లో మొదలుపెట్టి 1855కి కెప్టెన్ ఓర్ బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తి చేశాడు. దాని వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. డెల్టా అంతా ఆ కాలవల మీదే బతికింది. దాదాపు వందేళ్లకి, 1952లో, ఆ పాత ఆనకట్టకి గండి పడింది. దాని స్థానంలో కట్టిందే ఇప్పుడు మనం సెల్ఫీలు దిగే ప్రకాశం బ్యారేజీ. 1957లో వాడకంలోకి వచ్చింది. కట్టింది ఏదైనా ఎప్పటికీ ఉండదు, మధ్యలో చూసుకుంటూ ఉండాలి అని మన ఊరికి నది నేర్పిన మొదటి పాఠం అదేననుకుంటా.

ఇంగ్లండ్ నుంచి వచ్చాక లక్ష్మణరావు గారు మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీర్‌గా చేరారు. అప్పట్లో పోలవరం దగ్గర గోదావరి మీద రామపాదసాగర్ అనే పెద్ద ప్రాజెక్టు ప్లాన్ చేస్తున్నారు. ఆయన దాని డిజైన్ మీద పనిచేశారు. నది అడుగున ఇసుక చాలా లోతు, పునాదికే బోలెడు ఖర్చు. చివరికి అది కాగితం మీదే ఆగిపోయింది. 1950లో ఢిల్లీ వెళ్లి డిజైన్స్ డైరెక్టర్ అయ్యారు. 1954లో సెంట్రల్ వాటర్ అండ్ పవర్ కమిషన్‌లో చీఫ్ ఇంజనీర్. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశమంతా డ్యాములు కడుతున్న టైమ్ అది.

ఇక్కడ ఇంకో కృష్ణా జిల్లా మనిషి కథలోకి వస్తాడు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్. కృష్ణ నీళ్లని పెన్నకి కలిపి మద్రాసు వైపు తీసుకెళ్లే ఆలోచన నడుస్తుంటే, నందికొండ దగ్గర డ్యామ్ కడితే మన నేలకి మేలని ఆయన పట్టుబట్టారు. 1952లో ఖోస్లా కమిటీ సైట్ చూడ్డానికి వస్తుందంటే, కార్లు వెళ్లే దారి కూడా లేని ఆ అడవిలోకి చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని పోగేసి రోడ్డు వేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సైట్ ఓకే అయింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. అదే నాగార్జునసాగర్.

ఇప్పుడు అసలు విషయం. సరిగ్గా అదే టైమ్‌లో పంజాబ్ వైపు భాక్రా డ్యామ్ కడుతున్నారు. అది పూర్తిగా కాంక్రీట్. అమెరికా నుంచి హార్వే స్లోకమ్ అనే ఇంజనీర్ వచ్చాడు, విదేశీ యంత్రాలు వచ్చాయి. సాగర్ కూడా అలాగే కట్టొచ్చు. కానీ దేశంలో సిమెంట్ కొరత. కంట్రోల్ రేటు, పర్మిట్ ఉంటే తప్ప బస్తా దొరకని రోజులు. యంత్రాలు కొనాలంటే విదేశీ మారకం కావాలి, అది ఖజానాలో లేదు. మరి ఏముంది? చుట్టూ కొండలు, వాటిలో గట్టి రాయి. వర్షాల్లేక వలస పోయే పాలమూరు జనం. రాయి పేర్చి కట్టడం తెలిసిన తాపీ మేస్త్రీలు. లక్ష్మణరావు గారు, ఆయనతో ఉన్న ఇంజనీర్లు ఈ లిస్ట్ చూసి డిజైన్ చేశారు. నది మధ్యలో ఉండే ముఖ్యమైన డ్యామ్ రాతికట్టడం, రెండు పక్కలా మట్టికట్టలు.

నా భాషలో చెప్పాలంటే ఇది ఆప్టిమైజేషన్ ప్రాబ్లమ్. మెమరీ తక్కువుంది, టైమ్ ఉంది, అయితే ఆ మెషీన్‌కి తగ్గ ఆల్గారిథమ్ రాయాలి. వేరే దేశంలో వేరే మెషీన్ మీద రాసిన కోడ్ కాపీ కొడితే ఇక్కడ రన్ అవ్వదు.

రాతి కట్టడంలో ఇంకో లాభం ఉంది, ఇది ఒక సివిల్ సీనియర్‌ని అడిగి తెలుసుకున్నా. సిమెంట్ నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. ఇంటి స్లాబ్‌లో అది తెలియదు. కానీ డ్యామ్ అంత లావు కాంక్రీట్ పోస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది, తర్వాత చల్లారేటప్పుడు పగుళ్లు వస్తాయి. అందుకే అమెరికాలో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు కాంక్రీట్ లోపల పైపులు వేసి చల్లటి నీళ్లు తిప్పారు. రాతి కట్టడంలో ఎక్కువ భాగం రాయే, మధ్యలో మాలు మాత్రమే సిమెంట్. వేడి తక్కువ, పైగా పని నెమ్మదిగా లేస్తుంది కాబట్టి కింది వరస చల్లారే టైమ్ దొరుకుతుంది. కొరత వల్ల ఎంచుకున్న దారి ఇంజనీరింగ్‌గా కూడా సరైన దారే అయింది.

అలా వేలమంది కర్రలతో కట్టిన పరంజాల మీద రాళ్లు మోస్తూ, మాలు గంపలు అందిస్తూ ఆ గోడ లేపారు. రాతి డ్యామ్ ఒక్కటే 1,450 మీటర్ల పొడవు, సుమారు 124 మీటర్ల ఎత్తు. మట్టికట్టలతో కలిపితే దాదాపు 5 కిలోమీటర్లు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవల్లోకి నీళ్లు వదిలారు. అప్పటికి లక్ష్మణరావు గారు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ మంత్రి. తను డిజైన్ చూసిన డ్యామ్ నుంచి నీళ్లు వదిలే రోజుకి తనే ఆ శాఖ మంత్రిగా ఉండటం ఎంతమంది ఇంజనీర్లకి దొరుకుతుంది?

కానీ దీన్ని పొగుడుతూ ఆపేస్తే మోసం చేసినట్టే. సాగర్ నీళ్ల కింద ఊళ్లు మునిగాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నాగార్జునకొండ లోయ మొత్తం మునిగింది. ముంపుకి ముందు హడావిడిగా తవ్వకాలు చేసి, కొన్ని కట్టడాలని ఊడదీసి కొండ మీద మళ్లీ పేర్చారు. మనం లాంచీలో వెళ్లి చూసే మ్యూజియం అదే. కూలీల విషయం కూడా అంతే. రాతి డ్యామ్ చవగ్గా అయ్యిందంటే మనిషి చెమట చవగ్గా దొరికింది కాబట్టి. తలకి హెల్మెట్ లేదు, నడుముకి తాడు లేదు. ఆ పనిలో చనిపోయినవాళ్లు ఉన్నారు. సిమెంట్ పొదుపు లెక్కలో ఆ ప్రాణాలు కూడా రాయాలి.

రాజకీయాల్లోకి ఎలా వచ్చారంటే, 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకి పోటీ చేసి గెలిచారు. మళ్లీ 1967, 1971. మూడుసార్లు మన ఎంపీ. 1963లో పద్మభూషణ్, అదే ఏడాది జులైలో కేంద్ర మంత్రి. నెహ్రూ, శాస్త్రి, ఇందిర ముగ్గురి దగ్గరా పనిచేశారు. తర్వాత రాసుకున్న ఆత్మకథకి క్యూసెక్స్ క్యాండిడేట్ అని పేరు పెట్టుకున్నారు. నీళ్లని కొలిచే యూనిట్‌ని తన ఇంటిపేరులా పెట్టుకున్న పొలిటీషియన్ నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

1972లో ఆయన పెద్ద ప్లాన్ ఒకటి పెట్టారు, గంగ కావేరి లింకు. పాట్నా దగ్గర గంగ నుంచి ఏడాదిలో 150 రోజులు 60,000 క్యూసెక్కులు తీసుకుని 2,640 కిలోమీటర్లు దక్షిణానికి తేవాలని. దారిలో నీళ్లని 549 మీటర్ల ఎత్తుకి పంపు చెయ్యాలి. దానికి వేల మెగావాట్ల కరెంట్ కావాలి. ఖర్చు, కరెంట్ చూసి పక్కన పెట్టేశారు. నాకు ఇక్కడ కొంచెం ఆశ్చర్యమేసింది. ఉన్నదాంతో కట్టాలని సాగర్ దగ్గర చూపించిన మనిషే, ఇక్కడ లేని కరెంట్ మీద కల కన్నాడు. గొప్పవాళ్లు ప్రతిసారీ ఒకేలా ఆలోచించరు. అయినా ఆ కలలో చిన్న ముక్క ఇప్పుడు మన ఇబ్రహీంపట్నం దగ్గర కనిపిస్తుంది. పట్టిసీమలో 24 పంపులతో లేపిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలవలో వచ్చి పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి.

1986 మేలో లక్ష్మణరావు గారు పోయారు. తర్వాత సాగర్‌కీ బ్యారేజీకీ మధ్య పులిచింతల కట్టి ఆయన పేరు పెట్టారు. దాని కెపాసిటీ 45.77 టీఎంసీలు. 2021 ఆగస్టు 5న అక్కడ ఒక గేటు కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ దించడానికి నిల్వ ఉన్న నీళ్లు కిందికి వదిలేయాల్సి వచ్చింది. ఆయన సాగర్‌దీ ఇలాంటి కథే. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టే రిజర్వాయర్ పూడిక వల్ల ఇప్పుడు 312 దగ్గరికి వచ్చింది. అంటే రెండు పులిచింతలలు పట్టేంత చోటు బురదతో నిండిపోయింది. కొత్తది కట్టడం గురించి మనం మాట్లాడినంతగా, ఉన్నదాన్ని కాపాడటం గురించి మాట్లాడం.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ప్రపంచం మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7 నుంచి 8 శాతం సిమెంట్ తయారీ నుంచే వస్తోంది. సిమెంట్ ఉత్పత్తిలో మన దేశం చైనా తర్వాత రెండోది. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాలుస్తారు. బొగ్గు మానేసి సోలార్‌తో కాల్చినా ఆ రాయి లోపలి నుంచే గ్యాస్ వస్తుంది, అదే అసలు చిక్కు. ఆ రాయి దొరికే చోటు కూడా మనదే, జగ్గయ్యపేట, ముక్త్యాల, మాచర్ల. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కిన పలనాటి సున్నపురాయే ఇప్పుడు బస్తాల్లో మన అపార్ట్‌మెంట్లకి వస్తోంది.

మరి ప్రోగ్రెస్ లేదా అంటే ఉంది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద చూడండి. బూడిదతో సిమెంట్ కొంత తగ్గించొచ్చని రిహాండ్ డ్యామ్ కట్టేటప్పుడే మన దేశంలో చేసి చూశారు. విశాఖలో భానుమతీదాస్, కాళిదాస్ అనే ఇద్దరు బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండా ఇటుక చేసే ఫాల్‌జీ పద్ధతి తెచ్చారు. ఎర్ర ఇటుకకి పొలం పైమట్టి గీకాలి, బట్టీలో కాల్చాలి. దీనికి ఆ రెండూ అక్కర్లేదు. ఇప్పుడు విజయవాడలో లేచే చాలా గోడలు బూడిద ఇటుకవే. కానీ బొగ్గు ప్లాంట్లు తగ్గాలని కూడా మనమే అంటున్నాం. బొగ్గు ఆగితే బూడిద ఆగుతుంది. అప్పుడేంటి? దానికి జవాబు వెతికే పని మన బ్యాచ్‌ల మీదే పడుతుంది.

ఇంకో ఉదాహరణ అమరావతి. సెక్రటేరియట్ టవర్ల పునాదులు వేసి ఆపేశాక ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి అవి పనికొస్తాయా లేదా అని పరీక్షించారు. నాకు ఇది మంచి పనిగా అనిపించింది. పోసేసిన కాంక్రీట్‌ని పడేయకుండా వాడుకోవడం కన్నా గ్రీన్ ఏముంటుంది? అన్నిటికన్నా తక్కువ కార్బన్ ఉన్న బిల్డింగ్ ఆల్రెడీ కట్టేసిన బిల్డింగే.

ఇదంతా నాకు దూరం విషయం కాదు. కంకిపాడు దగ్గర మా తాతయ్యకి ఎకరంన్నర మాగాణి ఉంది. సార్వాలో వరి, తర్వాత మినుములు. చుట్టూ వెంచర్లు వచ్చేశాయి. వెంచర్ అంటే ముందు మెరక తోలాలి. ఎక్కడో ఒక కొండ తవ్వి ఆ గ్రావెల్ ఇక్కడ పోస్తారు. పక్క ప్లాటు ఎత్తు పెరిగితే వాన నీళ్లు మెరక లేని పొలంలోకి వస్తాయి. నీటికి దారి మూసేస్తే ఏమవుతుందో 2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్‌లో అందరికీ చూపించింది. ఆ వారమే ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, అదే రికార్డు. మావయ్య పొలం ఇచ్చేద్దామంటున్నాడు. తాతయ్య ఊ అనడు, ఉహూ అనడు. వచ్చే డబ్బులో కొంత నా ఎమ్మెస్‌కి అని ఇంట్లో ఒక లెక్క నడుస్తోంది. అందుకే ఎవరో బిల్డర్లని తిట్టేసి ఈ వ్యాసం ముగించడం నాకు కుదరదు. ఆ లెక్కలో నేను కూడా ఉన్నాను.

కె.ఎల్. రావు గారి జవాబుని మనం కాపీ కొట్టలేం. ఇప్పుడు అంతమంది తాపీ మేస్త్రీలు లేరు, ఆ కూలికి ఎవరూ రారు, రాకూడదు కూడా. కానీ ఆయన వేసుకున్న ప్రశ్న ఇంకా పనికొస్తుంది. ఇక్కడ ఏది తక్కువ, ఏది ఎక్కువ? అప్పుడు సిమెంట్ తక్కువ, రాయి ఎక్కువ. ఇప్పుడు ఇసుక తక్కువ, నీళ్లు పోయే దారి తక్కువ, డెల్టాలో సాగు భూమి రోజురోజుకీ తక్కువ. ఎక్కువున్నవి ఏంటంటే బూడిద, కూల్చిన బిల్డింగుల శిథిలాలు, ఖాళీగా తాళం వేసి ఉన్న ఫ్లాట్లు. ఆ శిథిలాలని మనం రైవస్ కాలవ గట్టున పోస్తున్నాం. వాటిని నలగ్గొట్టి మళ్లీ వాడే ప్లాంట్లు కావాలి, ఎక్కడ ఎంత మిగిలిందో చూపించే యాప్ కావాలి. రెండోది సీఎస్ఈ వాళ్లం కూడా చెయ్యగలం. మా క్లాస్‌లో ఇద్దరం ఈ సెమ్ మినీ ప్రాజెక్టుగా అదే పెట్టుకున్నాం. ఎవరికైనా డేటా దొరికితే చెప్పండి.

ఈసారి మీ బ్రాంచ్ వాళ్లు సాగర్ ట్రిప్ వెళ్తే గేట్ల దగ్గర రీల్స్ అయ్యాక ఒకసారి డ్యామ్ గోడకి దగ్గరగా వెళ్లి చూడండి. ఒక్కో రాయీ ఒక్కో సైజులో ఉంటుంది. ఒక్కోదాన్ని ఎవరో ఒకరు మోసుకొచ్చి పెట్టారు.